చిన్నాయన గిటారు: బాగు చేయించాల్నా, అమ్మాల్నా?

ఇయ్యాల పత్తి ముచ్చట కాదు, ఒడ్ల రేటు ముచ్చట కాదు. ఒక కరెంటు గిటారు ముచ్చట. రైతుకు గిటారెందుకని నవ్వకుండ్రి. మీ కొట్టంల తాత నాటి నాగలో, చక్రం ఇరిగిన ఎడ్లబండో ఉంటే ఈ లెక్క మీది గూడ.

మా చిన్నాయన భువనగిరి దిక్కు మా ఊరి నుంచి 1984ల రామంతాపూర్ పోయిండు. ఇప్పుడంటే అక్కడ సందు సందుకు అపార్టుమెంట్లు, దగ్గర్ల మెట్రో. అప్పుడు దూరదర్శన్ స్టూడియో, చెరువు, మూసీ పొంట బర్ల కోసం పెంచే పారాగడ్డి మడులు. పగలు ఉప్పల్‌ల ఒక కంపెనీల నౌకరి, రాత్రి పెండ్లిళ్లల్ల, గణేశ్ మండపాలల్ల ఆర్కెస్ట్రా. పంట పైసలల్ల తన వంతు పెట్టి ఆ గిటారు కొన్నడు. "ఎడ్లు కొనే పైసలతోని తీగలు కొన్నడు" అని మా బాపు రెండేండ్లు మాట్లాడలే. తర్వాత మా పొలంల మొదటి బోరు ఏసిననాడు సగం పైసలు పంపింది ఆ చిన్నాయననే. అవి గిటారు పైసలే.

చిన్నాయన పోయి రెండేండ్లాయె. చిన్నమ్మ ఇల్లు ఖాళీ చేసి బిడ్డ దగ్గరికి పోతున్నది. "గిటారు సంగతి నువ్వే చూడు బిడ్డా" అన్నది.

ముందుగాల వస్తువును చూసిన. కరెంటు గిటారంటే మనకు తెల్వని విద్య ఏం కాదు. తీగల కింద అయస్కాంతం, దాని సుట్టు వెంట్రుక లెక్క సన్నటి రాగి తీగ వేల సుట్లు. మన మోటరుకు కరెంటిస్తే తిరుగుతది. దీంట్ల ఇనుప తీగ కదిలితే చిటికెడు కరెంటు పుడ్తది, దాన్ని ఆంప్లిఫయర్ పెద్దగ చేస్తది. నా మీటరు పెట్టి చూస్తే వైండింగ్ మంచిగనే ఉన్నది. వైరు అతుకు ఊడింది. వాల్యూం బిరడ దుమ్ము పట్టి గరగర అంటున్నది. తీగలు తుప్పు పట్టినయి. మెడ మాత్రం కొంచెం వంగింది. ఆరు తీగలు శృతి చేస్తే మెడ మీద పడే గుంజుడు సుమారు 45 కిలోలు, అంటే ఒక యూరియా బస్తా. అంత గుంజుడు ఏండ్లకేండ్లు పడితే కట్టె వంగదా? అందుకే మెడ లోపల ఇనుప కడ్డీ పెడ్తరు, దాన్ని తిప్పితే కొంత సక్కగైతది.

సికింద్రాబాద్‌ల ఒక దుకాణంల అడిగిన. ఉన్నదున్నట్టు ఇస్తే 1,500 ఇస్తమన్నరు. రంగుతో సహా కొత్తగ చేయాలంటే 7,000. అట్ల చేసి అమ్మినా 5,000 దాటదట. ఈడ ఒక మాట యాదికుంచుకోండ్రి: అమ్మేటందుకు బాగు చేయిస్తే నష్టం, వాడేటందుకు బాగు చేయిస్తేనే గిట్టుబాటు. పాత ట్రాక్టరుకైనా, పంపుసెట్టుకైనా ఇదే లెక్క.

మరి వాడేదెవరు? పాలకొల్లుల 1969ల పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఆరేండ్ల వయసుల వాళ్ల నాయన మాండొలిన్ పట్టుకున్నడు. తర్వాత కరెంటు మాండొలిన్ మీద కర్ణాటక కచేరీలు చేసిండు, 1998ల పద్మశ్రీ అందుకున్నడు. ఇంట్ల పాత వాయిద్యం ఉంటే ఏ పిల్లకు ఏం పుడ్తదో ఎవరికెరుక? మా చిన్నబిడ్డ తొమ్మిదో తరగతి, నేర్సుకుంట అంటున్నది. కానీ పిల్లల మాట వానకాలం మబ్బు లెక్క, కురిస్తేనే నమ్మాలె.

"ఇంట్ల గుర్తుగ ఉంచుకోరాదు చిన్నమ్మా" అన్న. ఆమె ఏమన్నదో ఇనుండ్రి. "మీకు అది గుర్తు బిడ్డా. నాకు అది రాత్రి రెండింటికి తలుపు తీసుడు. అన్నం సల్లారుతుంటే కూసునుడు. నా కండ్ల ముందు మాత్రం పెట్టకు." నాకు నోట మాట రాలే. పాత వస్తువు అందరికీ ఒకటే జ్ఞాపకం కాదు. దాంతోని బతికినోళ్ల మాట ఇన్నంకనే మన ముచ్చట చెప్పాలె.

ఆఖరుకు ఇట్ల చేసిన. దుకాణపాయన చెప్పిన 1,500 చిన్నమ్మ చేతిల పెట్టిన. వద్దు వద్దన్నది గానీ కొంగుల ముడేసుకున్నది. గిటారు మా ఊరికి తెచ్చిన. కొత్త తీగలు, వైరు అతుకు, మెడ సవరించుడు, అన్నీ కలిపి 1,800 అయినయి. రంగు ముట్టనియ్యలే. చిన్నాయన ముంజేయి రాసుకొని రాసుకొని ఒక దిక్కు పాలిష్ పోయి కట్టె కనవడ్తది, అది అట్లనే ఉండాలె.

బిడ్డకు ఉగాది దాక గడువు పెట్టిన. అప్పటికి రోజు పట్టుకుంటే ఆమెదే. లేకుంటే అటక మీద పెట్టేది లేదు. రామంతాపూర్‌ల చిన్నాయన ఆర్కెస్ట్రా దోస్తు ఒకాయన పిల్లలకు నేర్పుతున్నడు, ఆయనకు ఇచ్చేస్త. దున్నని భూమి బీడైతది, మోగని తీగ తుప్పు పడ్తది.

మీ ఇంట్ల గిట్లాంటి వస్తువు ఉంటే దాని రేటు సంగతి తర్వాత. దాంతోని బతికిన మనిషిని ముందుగాల అడుగుండ్రి. ఏమన్నరో కింద రాయుండ్రి, నేను సదువుత.