ముందు గొంతు, వెనక ఊపిరి

మౌలాలిలో చప్పుళ్లకు ఎన్నడూ కరువు లేదు. రైలు కూతలు, లోకో షెడ్డులో ఇంజన్ల మూలుగులు, గుట్టమీది దర్గాకు మెట్లెక్కేవారి సందడి! ఆ గుట్ట పాదంలోనే మహ్ లఖా బాయి చందా సమాధి ఉంది. ఆమె ఉర్దూ కవయిత్రి, సంగీత నాట్యాలలో దిట్ట. తల్లికోసం తాను కట్టించిన సమాధి చెంతనే 1824లో తానూ విశ్రమించింది. ఆమె కవిత్వం మిగిలింది గాని గొంతు మిగలలేదు. గొంతును దాచే విద్య అప్పటికింకా పుట్టలేదు మరి.

ఇప్పుడు మనుషుల గొంతులే కాదు, యంత్రాల గొంతులు కూడా దాస్తున్నారు. అటువంటి పెట్టె ఒకటి మా ముందుగదిలో ఉంది. దాని పేరు మోడలింగ్ యాంప్లిఫయరు. తెలుగు పాఠాలు చెప్పుకునే పంతులికి ఎలక్ట్రిక్ గిటారూ, దానికో పెట్టే ఎందుకయ్యా అంటారా? మా కాలేజీలో అందరూ అడిగిన ప్రశ్నే. చిన్నతనంలో రైల్వే క్వార్టర్లలో మా పొరుగున ఉన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబం వల్ల అంటిన అలవాటది. వాళ్లు ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. అలవాటు నా దగ్గర ఉండిపోయింది.

పూర్వం గిటారు యాంప్లిఫయర్లలో, పాత రేడియోలలో లాగే, గాజు వాల్వులుండేవి. 1950ల చివర అమెరికాలో ఫెండర్ వారి బాస్‌మన్‌కు మంచి పేరుండేది. 1962 ప్రాంతంలో లండనులో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్, తన మనుషులతో కలిసి దాని నమూనా మీదే సొంతంగా ఒకటి చేయించాడు. నమూనా ఒకటే అయినా గొంతు వేరుగా పలికింది. అట్లా ఒక్కొక్క పెట్టెకూ ఒక్కొక్క గొంతు ఏర్పడింది. 1996లో లైన్ సిక్స్ అనే అమెరికా కంపెనీ ఆ గొంతుల గుణాలను అంకెలుగా మార్చి ఒకే పెట్టెలో పెట్టి అమ్మకానికి తెచ్చింది. మన పగటివేషగాడు పొద్దున శక్తివేషం, సాయంత్రం సోమయాజి వేషం కట్టినట్టు, ఇది ఒక నాబు తిప్పితే ఫెండర్, ఇంకోవైపు తిప్పితే మార్షల్.

వేషం కట్టినంత మాత్రాన పాత్ర పలుకుతుందా? అక్కడే ఉంది తిరకాసు.

ఈ పెట్టెలో రెండు భాగాలున్నాయి. మొదటిది ప్రీయాంప్. తీగ నుంచి వచ్చే అతి సన్నని విద్యుత్తును పెంచి, దానికి రంగూ రుచీ కల్పిస్తుంది. గెయిన్, బేస్, మిడిల్, ట్రెబుల్ నాబులు దీనివి. రెండవది పవర్ యాంప్. ఆ రంగు కట్టిన ధ్వనికి స్పీకరును కదిలించే బలమిస్తుంది. మొదటిది గొంతు, రెండవది ఊపిరి అనుకోండి. కొత్తగా కొన్నవాళ్లందరూ గొంతు దగ్గరే ఆగిపోతారు. ఊపిరి సంగతి ఎక్కడో లోపలి మెనూలో దాగి ఉంటుంది.

నాకు దాని అవసరం మా అమ్మ వల్ల వచ్చింది. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు మా వీధిలో పేరంటమంటే ఆమె పాట ఉండి తీరవలసిందే. మూడేళ్ల కిందట జబ్బు చేసి గొంతు పోయింది. మాటైతే గుసగుసగా వస్తుంది, పాట రాదు. తాను పాడిన మోహన రాగాన్ని నన్ను వాయించమంది. వాయించాను. రెండు నిమిషాలు విని, “పాట వినిపిస్తావనుకుంటే పకోడీలు వేయిస్తున్నావేమిట్రా?” అంది.

చిక్కేమిటంటే, గిటారు తీగ మీటగానే మోగి త్వరగా ఆరిపోతుంది. గమకం పూర్తయ్యేలోగా స్వరమే ఉండదు. గెయిన్ పెంచితే స్వరం నిలుస్తుంది గాని ఈ గరగర వచ్చిపడుతుంది. తగ్గిస్తే గొంతు తేటపడుతుంది, కాని ఊపిరి చాలదు.

దీనికి తోడు కింది వాటాలో ఒక లోకో పైలట్‌గారున్నారు. ఒకనాడు మెట్ల మీద కలిసి, “మాస్టారూ, రాత్రంతా గూడ్సు నడిపి వచ్చానండీ. మీ వాయిద్యం బాగానే ఉంటుంది గాని...” అని మర్యాదకొద్దీ ఆగిపోయారు. ఆ ‘గాని’ తరవాతి భాగం నాకు తెలియనిది కాదు.

అసలైన వాల్వు పెట్టెలో పవర్ వాల్వులు కరిగి పాడాలంటే పేట అదిరేటంత పెంచాలి. మోడలింగ్ పెట్టెలో ఆ బాధ లేదు. వాల్వులు శ్రమపడినట్టు లోపల లెక్క కట్టేది ఒకటి, బయటికి వినపడే శబ్దం ఇంకొకటి. కనుక గెయిన్ ఏడు నుంచి మూడుకు దించి, పవర్ యాంప్ మాస్టరును ఎనిమిదికి ఎత్తాను. శాగ్ అనే దాన్ని పెంచాను. గట్టిగా మీటినప్పుడు వాల్వులకు అందే వోల్టేజి ఒక్క క్షణం కుంగి మళ్లీ తేరుకోవడమే శాగ్. స్వరం ముందు కాస్త అణిగి, తరవాత విచ్చుకుంటుంది. మనిషి ఊపిరి తీసుకున్నట్టే ఉంటుంది. చెవిలో గుచ్చే ప్రెజెన్స్ తగ్గించాను. అన్నిటికన్నా చివరనున్న వాల్యూము మాత్రం కింది వాటావారి నిద్రకు అప్పగించాను.

ఒక్కసారికి ఒక్క నాబే తిప్పి, నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. రెండు అమరికలను పోల్చేటప్పుడు రెండింటి శబ్దమూ సమానంగా ఉంచుకోవాలి సుమండీ. లేకపోతే గట్టిగా మోగిందే మంచిదనిపిస్తుంది. ఈ నియమం సభల్లో ఉపన్యాసాలకు కూడా వర్తిస్తుంది.

1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌గారు ఈ దారిన ఎప్పుడో నడిచారు. జంటలుగా ఉండే ఎనిమిది తీగలను మాని, అయిదు విడి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. ఆయన చేతిలో విద్యుత్తు హోరు పెట్టలేదు. గమకం సాంతం పలికేదాకా స్వరాన్ని నిలబెట్టింది. 2014లో ఆయన వెళ్లిపోయాక ఆ రికార్డులు వింటుంటే బలం దేనికో తెలుస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ మంచం పక్కన కూర్చుని మోహన ఎత్తుకున్నాను. కింద పైలట్‌గారు నిద్రలో ఉన్నారు. అమ్మ కళ్లు మూసుకుంది. పకోడీల ప్రసక్తి రాలేదు. పెట్టె మాటే ఎత్తలేదు. కాసేపటికి దుప్పటి మీద వేళ్లతో తాళం వేస్తూ గుసగుసగా అంది:

“ఆ గాంధారం మీద ఇంకాస్త నిలవరా, తొందరేమిటి?”

నిలిచాను. స్వరం కూడా నిలిచింది.