గొట్టానికి రెండు జాలీలు

లండన్‌కి పడమట స్లౌలో మా మేనల్లుడి ఇల్లు. నేను వెళ్లేసరికి స్నానాలగది సగం కూలగొట్టి ఉంది. పాత టైల్స్ బస్తాల్లో, టబ్బేమో పెరట్లో గులాబీ మొక్క పక్కన. "పైన గ్యాసాయన ఉన్నాడు, చూద్దురుగాని రండి మావయ్యా" అన్నాడు వాడు. స్నానాలగదిలో గ్యాసాయనకేం పనో నాకు తట్టలేదు.

అక్కడ సిలిండర్లు మోయక్కర్లేదు. గ్యాస్ వీధి కింది గొట్టంలోంచే ఇంట్లోకొస్తుంది. వీళ్లకి మెట్ల కింద మీటరు, అటక మీద బాయిలరు. ఆ రెంటినీ కలిపే 22 మిల్లీమీటర్ల రాగి గొట్టం స్నానాలగది మూలన నిలువునా పైకెక్కుతుంది. దాన్ని దాచిన పాత చెక్కపెట్టె ఊడదీశాక బయటపడింది.

కోడలికి ఆ గొట్టం కంటబడకూడదు. బాత్‌రూమ్ పని ఒప్పుకున్న మేస్త్రి, చుట్టూ పలకలు కట్టి సందుల్లో సిలికాన్ పూసి టైల్స్ అంటించేస్తానన్నాడట. మేనల్లుడికి అనుమానమొచ్చి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న మనిషిని పిలిపించాడు. బ్రిటన్‌లో ఆ రిజిస్టర్‌కెక్కనివాళ్లు డబ్బు తీసుకుని గ్యాస్ గొట్టం మీద చెయ్యి వెయ్యకూడదు. 2009కి ముందు ఆ జాబితా కోర్గీ అనే సంస్థ చేతిలో ఉండేది. ఎవరికి ఏ పని తెలుసో రిజిస్టర్‌వాళ్లిచ్చే కార్డు వెనక రాసుంటుంది. ఈయన మేం అడక్కముందే తిప్పి చూపించాడు. ఆ ఒక్క పనితో నాకు నచ్చేశాడు.

ఆయన చెప్పింది ఇదీ. వెంట్రుకవాసి కారుడు గదిలోకైతే గాలిలో కలిసిపోతుంది. మూసిన పెట్టెలో పోగవుతుంది. ఈ గ్యాస్ ముఖ్యంగా మీథేనే. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. దానికి సొంతంగా వాసన ఉండదు, మన ముక్కు పసిగట్టాలనే మందు కలుపుతారు. సిలికాన్ పూసిన పెట్టె ఆ వాసననీ లోపలే దాచేస్తుంది. అందుకని పెట్టెకి పైనొకటి, కిందొకటి జాలీ ఉండాలి. ఈ గ్యాస్ గాలికన్నా తేలిక. పై జాలీలోంచి అది పోతుంటే కింది జాలీలోంచి మంచిగాలి వస్తుంది.

రాజమండ్రిలో మా నాన్న వంటింటి గోడకి నేలబారుగా జాలీ పెట్టించాడు. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నీళ్లలా నేల మీద పాకుతుంది. ఆ లెక్కే తలకెక్కించుకున్న నేను ఇక్కడ పై జాలీ ముఖ్యమంటే కాస్త తికమకపడ్డాను.

గొట్టం మధ్యలో నట్టు బిగించిన జాయింటొకటి ఉంది. చెయ్యి అందని చోట అలాంటిది ఉండకూడదని కోసేసి, టంకం వేశాడు. నట్టే కదా అనుకోడానికి లేదు. 1968 మేలో తూర్పు లండన్‌లో గ్యాస్ పేలి రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనం ఓ మూల పేకమేడలా కూలి నలుగురు చనిపోయారు. ఒకావిడ పొద్దున్నే టీ కోసం స్టవ్ వెలిగించబోయింది. ఆ స్టవ్‌కి గ్యాస్ గొట్టం కలిపే ఇత్తడి నట్టు నాసిరకందని తర్వాత తేలింది.

అద్దం దీపానికి వెళ్లే కరెంటు తీగ గొట్టాన్ని ఆనుకునుంది. కనీసం 25 మిల్లీమీటర్ల ఎడం ఉండాలంటూ జరిపించాడు.

ఆఖరికి పరీక్ష. నీళ్లు పోసిన వంపు గొట్టమొకటి మీటరుకి తగిలించి, ఒత్తిడి 20 మిల్లీబార్లకి తెచ్చి గ్యాస్ కట్టేశాడు. ఒక నిమిషం కుదురుకోనిచ్చి, ఆపైన రెండు నిమిషాలు నీటిమట్టం చూడాలి. ముగ్గురం మెట్ల కింద వంగి, బియ్యం ఎసరు చూసినట్టు చూశాం. కదల్లేదు.

మేస్త్రి గొణుక్కుంటూనే పెట్టె కట్టాడు. తెల్ల జాలీలు టైల్స్ అందం చెడగొట్టాయని కోడలి బాధ. నిజమే, చెడగొట్టాయి. నేను బయల్దేరిన రోజు పొద్దున స్నానానికి వెళ్తే కింది జాలీ మీదుగా తువ్వాలు వేలాడుతోంది. తీసి తలుపు కొక్కేనికి తగిలించి, కొళాయి తిప్పాను.