తివాచీ మీద ఎర్ర మరక

కొత్త కోడలు కాపురానికొచ్చి నెల కాలేదు. చేజారిన లిప్‌స్టిక్‌ని చూసుకోకుండా తొక్కేసింది. అదీ ఎక్కడ? మామగారు బతికుండగా ముచ్చటపడి కొన్న ఏలూరు తివాచీ మీద. ఒక్కో ముడీ చేత్తో వేసి నేసిన ఉన్ని తివాచీ! కంగారులో వేణ్నీళ్లు పోసి, బ్రష్షుతో రుద్దేసింది. రూపాయి బిళ్లంత మరక కాస్తా అరచేయంత అయింది.

అవదూ మరి? లిప్‌స్టిక్‌ అంటే మైనం, నూనె, రంగు. వేడికి మైనం కరుగుతుంది. రుద్దేకొద్దీ రంగు పోగుల లోపలికి దిగుతుంది. ఇంకా నయం, బ్లీచ్‌ పోయలేదు. అది ఉన్నినే తినేస్తుంది.

గుడి నుంచి వచ్చిన అత్తగారు చూశారు. ఏమీ అనలేదు. దూదిని స్పిరిట్‌లో ముంచి, ముందు సోఫా కింద మూలన అద్ది చూశారు, తివాచీ రంగు ఊడుతుందేమోనని. తర్వాత మరక అంచు నుంచి మధ్యకు. రుద్దడం లేదు, అద్దడమే. ఎరుపెక్కిన దూది పారేసి కొత్తది. చివర్లో గిన్నెలు తోమే లిక్విడ్‌ రెండు చుక్కలు కలిపిన చన్నీళ్లు, ఆపైన పొడిగుడ్డ. గంట గడిచినా లేత గులాబీ నీడ మిగిలింది.

కోడలి కళ్లలో నీళ్లు. అత్తగారు పక్కనున్న టీపాయ్‌ జరిపారు. కింద నల్లటి పాత మరక!

“కాటుక. నాదే. మీ మామయ్యకి చివరిదాకా తెలీదు.”

టీపాయ్‌ని ఈసారి ఇంకాస్త ఇటు జరిపి పెట్టారు.