జబ్బు పేరు తెలిసేదాకా

హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగానికి వచ్చేవాళ్ల ఫైళ్లు చూస్తేనే అరుదైన జబ్బుల సంగతి సగం అర్థమవుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ రాసిచ్చిన చీటీ మొదలు కార్పొరేట్ ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ దాకా అన్నీ ఉంటాయి, జబ్బు పేరు తప్ప. ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీతో కలిపి ఈ ఆసుపత్రిని 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ప్రత్యేక కేంద్రంగా గుర్తించారు. ఇక్కడ మందు మాట తర్వాత. ముందు కుటుంబ చరిత్ర అడిగి, కాగితం మీద వంశవృక్షం గీస్తారు. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. జబ్బున్నవాళ్ల గుర్తును నల్లగా నింపుతారు, చనిపోయినవాళ్ల గుర్తు మీద అడ్డంగా ఏటవాలు గీత పెడతారు. భార్యాభర్తలను కలిపే గీత ఒకటే ఉంటుంది, మేనరికమైతే రెండు. దిష్టి తగిలి పోయాడని ఇంట్లో సరిపెట్టుకున్న బిడ్డ కూడా ఈ కాగితం మీద రోగనిర్ధారణకు ఆధారమవుతాడు.

ఏటా ఫిబ్రవరి చివరి రోజున జరిగే అరుదైన వ్యాధుల దినం నాడు కోట్ల రూపాయల ఇంజెక్షన్ గురించి, విరాళాల గురించి ఎక్కువగా వింటాం. ఆ విరాళాలు అవసరమే. అయినా అవగాహన ముందు చేరాల్సింది బిడ్డను మొదట చూసే డాక్టరుకూ, ఏఎన్‌ఎంకూ అని ఈ విభాగం చూశాక నాకు గట్టిగా అనిపించింది. బయోటినిడేజ్ లోపాన్నే తీసుకోండి. పసిబిడ్డకు ఫిట్స్ వస్తాయి, ఒంటిమీద పొక్కులు లేస్తాయి, జుట్టు రాలుతుంది. దీనికి వైద్యం రోజూ బయోటిన్ అనే విటమిన్ వేయడమే. లక్షణాలు రాకముందే మొదలుపెడితే బిడ్డ మామూలుగా పెరుగుతుంది. ఆలస్యమై వినికిడి పోతే మాత్రం ఎంత మందు వేసినా సాధారణంగా తిరిగి రాదు. పుట్టిన కొద్ది రోజులకు మడమ నుంచి తీసి వడపోత కాగితం మీద ఆరబెట్టిన నాలుగు రక్తపు చుక్కలు ఈ లోపాన్ని పట్టిస్తాయి. అలాంటి చోట కొరత డబ్బుది కాదు, అనుమానించే మనిషిది.

క్షయ, రక్తహీనత లాంటివే అదుపులోకి రాని దేశంలో కొద్దిమంది కోసం ఇంత హడావుడి ఎందుకని కొందరడుగుతారు. విడివిడిగా అరుదైనవే గానీ, ఇవి దాదాపు ఏడు వేల రకాలు. అన్నీ కలిస్తే బాధితులు కొద్దిమంది కారు. పైగా నవజాత శిశువుల పరీక్షకు ప్రత్యేక ఆసుపత్రులు కట్టనక్కర్లేదు. కేరళ తన ప్రభుత్వాసుపత్రుల్లోనే చేయిస్తోంది. చాలా జబ్బులకు మందే లేనప్పుడు పేరు తెలిసి ఏం లాభమన్నది ఇంకా గట్టి ప్రశ్న. పేరు తెలిస్తే అక్కర్లేని పరీక్షలు ఆగుతాయి. తల్లిదండ్రులిద్దరూ ఒకే జన్యులోపానికి వాహకులైతే ప్రతి కాన్పులోనూ 25 శాతం ముప్పు ఉంటుందని, గర్భం పదకొండో వారం దాటాక మాయ నుంచి నమూనా తీసి చూడవచ్చని చెప్పగలుగుతారు. మేనరికం చేసుకున్నారని దంపతులను దోషుల్ని చేస్తే మాత్రం వాళ్లు ఆ రెండో గీతను దాచిపెడతారు. బయటి సంబంధాల్లోనూ వాహకులుంటారు కాబట్టి నింద వైద్యానికి పనికిరాదు, సమాచారం పనికొస్తుంది.

మందున్న జబ్బుల్లో ఖర్చు నిజంగానే భయపెడుతుంది. ఒంట్లో ఒక ఎంజైము లోపించే గాషే జబ్బుకు ఆ ఎంజైమును సాధారణంగా రెండు వారాలకోసారి, జీవితాంతం ఎక్కించాలి. మోతాదు బరువును బట్టి కాబట్టి బిడ్డ ఎదిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. 2022లో కేంద్రం ఈ విధానం కింద ఒక్కో రోగికిచ్చే సాయం పరిమితిని 50 లక్షల రూపాయలకు పెంచింది. జీవితకాలపు వైద్యానికి ఒక్కసారి ఇచ్చే మొత్తం సరిపోదు. అందుకే శాశ్వత నిధి కావాలి, దాంతోపాటు ప్రసూతి వార్డులోనే పరీక్షా కావాలి. ఇకమీదట ఈ అవగాహన కార్యక్రమాల ఫలితాన్ని పోగైన విరాళాలతోనే కొలవకూడదు. మొదటి లక్షణం కనిపించిన రోజుకూ జబ్బు పేరు తేలిన రోజుకూ మధ్య ఎన్ని నెలలు తగ్గాయో లెక్కగట్టాలి.