గాజుతొట్టిలో కొరమీను

మా కరీంనగరానికి సముద్రం దూరం, మానేరు దగ్గర. అందుకే మా ఇంటి గాజుతొట్టిలో సాగరమత్స్యం లేదు. మానేరు కొరమీను ఉంది. తోడుగా వేరొక చిన్న చేపను ఉంచితే మింగివేస్తుంది. మొప్పలున్నా పైకి వచ్చి గాలి పీల్చనిదే బ్రతకదు గనుక నీటిపై కొంత ఖాళీ, ఎగిరి దూకుతుంది గనుక బరువైన మూత అవసరం.

చూడవచ్చినవారు దానిని క్రూరజీవి అంటారు. కాని వానకాలపు చెరువులో ఎఱ్ఱని పిల్లల గుంపును వెన్నంటి కాస్తూ, దరిచేరిన శత్రువును తరిమికొట్టేదీ ఈ చేపయే. ఆకలి దానిచేత వేటాడిస్తుంది, వాత్సల్యం పోరాడిస్తుంది. తొట్టిలో మనకు మొదటిదే కనబడుతుంది. 2016లో తెలంగాణ రాష్ట్ర మత్స్యంగా గౌరవం పొందిన ఈ జాతికి ఆ రెండవ గుణాన్ని చూపే అవకాశం గాజుగోడల నడుమ లేదు. ఈ తొలకరికి దానిని మానేరుకే అప్పగించదలచాను.