కుంటు మానిన గుర్రం

నా బాల్యమిత్రుడొకరికి హైదరాబాదు శివార్లలో చిన్న అశ్వశాల ఉంది. పదవీ విరమణ తరువాత నా ఉదయపు నడక అటువైపే సాగుతున్నది. మూడేళ్ళ క్రితం శ్రావణమాసపు వానలకు నేల బురదగా ఉన్న ఒక ఉదయం, బిజిలీ అనే ఆడగుర్రం దౌడు తీస్తూ ఒక్క క్షణం తడబడింది. ఒకప్పుడు మలక్‌పేట పందేలలో పరుగెత్తిన గుర్రం అది. ఆ పూట ఏమీ తెలియలేదు. మరునాటికి ఎడమ ముంగాలు వెనుకవైపు వాచి, పక్కనుంచి చూస్తే విల్లులా వంగినట్లు కనిపించింది.

నేను ఎముకల వైద్యుడిని. పశువైద్యం నాకు రాదు. అయినా ఆ వాపును తాకగానే పాత పరిచయస్థుడిని చూసినట్లయింది.

గుర్రపు ముంగాలిలో మనం మోకాలనుకొనేది నిజానికి మణికట్టు. దాని దిగువన కండరాలు దాదాపు ఉండవు. ఎముక, చర్మం, వాటి మధ్య స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకతో కలిపే గట్టి తాళ్ళు. నాలుగైదు వందల కిలోల ఆ దేహం కాలికొక వేలి కొనపై నిలుస్తుంది. దౌడులో ముంగాలు నేలను తాకినపుడు శరీరపు బరువుకు రెండు రెట్లకు పైగా భారం ఆ ఒక్క కాలిపై పడుతుంది. వెనుకనున్న స్నాయువు స్ప్రింగులా సాగి ఆ భారాన్ని మోసి, తిరిగి కాలిని పైకెత్తుతుంది. అప్పుడది తెగిపోయే హద్దుకు చాలా దగ్గరగా సాగుతుంది. దాని నడిమి భాగం 45 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. మనిషిలో మడమ వెనుకనుండే అకిలీజ్ స్నాయువుది కూడా ఇదే పని. రెండింటికీ రక్తప్రసరణ తక్కువ. అందుచేత రెండూ నెమ్మదిగా మానుతాయి.

పశువైద్యుడు వచ్చి అల్ట్రాసౌండ్ తీశారు. తెల్లని స్నాయువు నడుమ ఒక నల్లని మచ్చ కనిపించింది. చల్లటి నీటిధార, కట్టు, వాపు తగ్గించే మందులు, కొట్టంలో విశ్రాంతి చెప్పారు. కొన్నాళ్ళకు, పూటకు అయిదు నిమిషాలు చేతితో పట్టుకొని నడిపించమన్నారు. వారాలు గడిచేకొద్దీ అయిదేసి నిమిషాలు పెంచాలి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు గాని, బిజిలీకి దాణా తగ్గించక తప్పలేదు. కదలిక లేని గుర్రానికి ఉలవలు దండిగా పెడితే కడుపుశూల రావచ్చు. రాకపోతే ఆ బలమంతా గంతుల్లోకి పోతుంది.

మూడు వారాలకే కుంటు పోయింది. అసలు చిక్కు అక్కడ మొదలైంది.

దీపావళి నాటికి గుర్రం నునుపు తేలి, కళ్ళలో మెరుపుతో ఉంది. ఆ సాయంత్రం ఊరిలో పేలిన టపాకాయలకు బెదిరి, పగ్గం తెంపుకొని మైదానం చుట్టూ రెండు చుట్లు పరుగెత్తింది. దానిని సాకే ముసలి సయీసు పట్టుకొచ్చి, కాలి దగ్గర కూలబడి, రాత్రంతా తడిగుడ్డలు మారుస్తూ కూర్చున్నాడు. మళ్ళీ కొంచెం వాచింది. నడక తిరిగి పది నిమిషాల దగ్గర మొదలైంది.

నవంబరు చివర తీసిన చిత్రంలో మచ్చ చిన్నదయింది. జనవరిలో అడ్డంకులు దూకించే పోటీ ఉంది. పదహారేళ్ళ మనుమరాలు, "తాతగారూ, ఇప్పుడది కుంటడం లేదు కదా! మీరైనా చెప్పండి" అని నన్ను ఆశ్రయించింది. నా మిత్రుడు కూడా, "ఏరా, నీకేమనిపిస్తోంది?" అన్నాడు. అతనికీ ఆశగానే ఉంది.

నేను చాలా కాలంగా ఎవరికీ చెప్పని సంగతి ఆ రోజు చెప్పాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక కబడ్డీ ఆటగాడు నా దగ్గరికి వచ్చాడు. అకిలీజ్ స్నాయువు సగం చిరిగింది. పది వారాలకు నొప్పి లేదన్నాడు, గెంతి చూపించాడు. ఆ ఆట ఆడితే ఉద్యోగం వచ్చే అవకాశముందని అతని తండ్రి చేతులు పట్టుకొన్నాడు. నేను సరేనన్నాను. ఆట మొదలైన కాసేపటికే మిగిలిన సగం తెగింది. శస్త్రచికిత్స నేనే చేశాను. తరువాత అతను బాగానే నడిచాడు, ఆట మాత్రం మళ్ళీ ఆడలేదు. తండ్రీకొడుకులు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నేనప్పుడు చూసింది నొప్పిని, స్నాయువును కాదు. చిరిగినచోట మొదట పుట్టే కొత్త నారలు బలహీనమైనవి, కలగాపులగంగా అల్లుకొంటాయి. భారం కొద్దికొద్దిగా పడుతూ ఉంటే అవి నెలల తరబడి లాగుడు దిశలోకి సర్దుకొంటాయి. భారమే పడకపోతే సర్దుకోవు, ముందే ఎక్కువ పడితే తెగుతాయి. కుంటు పోయే నాటికి ఈ పని సగం కూడా అయి ఉండదు. బిజిలీ చిత్రంలోనూ నారలు ఇంకా చిందరవందరగానే ఉన్నాయని వైద్యుడు చూపించారు.

మనుమరాలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడవనాడు తానే నడిపిస్తానని పగ్గం అందుకొంది.

డిసెంబరులో జీను వేసి నడక మాత్రమే; గట్టి నేల మీద, తిన్నగా. సంక్రాంతి తరువాత ట్రాట్ అనే రెండవ నడక, రోజుకు అయిదు నిమిషాలు. మెట్టు పెంచిన ప్రతిసారీ ముందొక అల్ట్రాసౌండ్. వేసవిలో మెల్లని దౌడు. పన్నెండు నెలలు నిండాక గాని పూర్తి పని లేదు. దూకుడు మాత్రం నా మిత్రుడు శాశ్వతంగా మాన్పించాడు. మానిన స్నాయువులో మునుపటి సాగుగుణం పూర్తిగా రాదు, మళ్ళీ చిరగడం సాధారణమే.

ఇన్ని యంత్రాలు చూసిన నాకు ఆ సయీసు పద్ధతి బాగా నచ్చింది. రోజూ తెల్లవారుజామున, కట్టు విప్పి, రెండు అరచేతులతో రెండు ముంగాళ్ళనూ ఒకేసారి తడుముతాడు. ఎడమది కొంచెం వెచ్చగా ఉంటే ఆ రోజు పని ఆగిపోతుంది. ఈ పరీక్షకు ఖర్చు లేదు, రెండవ కాలే కొలబద్ద. పూర్వం నేనూ రోగుల కాళ్ళు అలాగే తాకేవాడిని. తరువాత ఫిల్ములు చూడడం అలవాటై తగ్గించాను.

నిన్న వెళ్ళినపుడు వాన వెలిసి నేల ఇంకా తడిగా ఉంది. మనుమరాలు జీను చేతబట్టుకొని నిలుచుంది. సయీసు కాళ్ళ దగ్గర గొంతుకూర్చుని చాలాసేపు చేతులు తీయలేదు. ఎడమ కాలు ఇప్పటికీ కుడిదానికంటే రవంత లావే. చివరికి లేచి, "చల్లగానే ఉంది. నడక మాత్రమే, అమ్మా" అన్నాడు. ఆమె మారు మాట్లాడకుండా జీను వేసింది.