ఊదారంగు కొండ

వ్యాకరణం చెప్పుకొని బ్రతికిన పంతులుకు వీడియో గేములతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి, కాని చివరిదాకా చదివి నవ్వండి.

వేసవి సెలవులకు మా అమ్మాయి కొడుకు బెంగుళూరు నుండి వచ్చాడు. పదమూడేళ్లవాడు. మాట్లాడేది చక్కని తెలుగే గాని, వాడి బడిలో తెలుగు లేదు. అక్షరాలు కూడబలుక్కొని చదువుతాడు, వ్రాయమంటే తప్పించుకుంటాడు. ముప్పై మూడేళ్లు పరుల పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి, ఇది నాకు లోలోపల ముల్లుగానే ఉండేది.

వాడు ఆడే ఆట పేరు స్కైరిమ్. 2011 నవంబరు 11న బెథెస్డా సంస్థ విడుదల చేసిన సాహసగాథ; మంచుకొండల దేశంలో నడుస్తుంది. ఆట పాతదైనా అభిమానులు దానికి మెరుగులు దిద్దుతూనే ఉన్నారు. ఒకరు రాళ్లకు నిగ్గు తెస్తే, ఒకరు నీటికి తళుకు, మరొకరు ఆకాశానికి వెలుగు. వీటిని మోడ్‌లంటారు. మన కావ్యాలకు వ్యాఖ్యాతలు ఉన్నట్లే దీనికి వీరనుకున్నాను.

ఒకనాటి మధ్యాహ్నం వాడు దిగాలుగా వచ్చి, "తాతయ్యా, నా కొండలన్నీ పాడైపోయాయి" అన్నాడు. చూద్దును గదా, తెరమీద హిమగిరులు నేరేడుపండు రంగులో నిగనిగలాడుతున్నాయి! నలభైకి పైగా మోడ్‌లు దింపుకొని, అన్నిటినీ ఆట ఉన్న ఫోల్డరులోకి చేతితోనే కుమ్మరించాడట. ఇక అంతా చెరిపేసి మొదటినుండి పెట్టుకుంటానన్నాడు.

"తొందరపడకు. ఈ కొండను ముట్టుకున్న మోడ్‌లు ఎన్ని?" అన్నాను. లెక్కించి, మూడన్నాడు.

వాడే చెప్పగా తెలిసినదేమంటే, కొండ ఆకృతి ఒక ఫైలు. దానిపై పరచే వర్ణం మరొక ఫైలు. ఆకృతి దొరికి వర్ణం దొరకకపోతే ఆట అక్కడ ఊదారంగు పులుముతుంది. తాళపత్రం శిథిలమై అక్షరం పోయినచోట, నిజాయితీగల లేఖకుడు ఊహించి వ్రాయక ఖాళీ వదలినట్లన్నమాట. అంటే కొండ పాడు కాలేదు, వర్ణం దారి తప్పింది. వెదకగా 'టెక్స్‌చర్స్' అనే ఫోల్డరులోపల అదే పేరుతో మరొక ఫోల్డరు కనబడింది. తొందరలో ఫైళ్లన్నీ ఒక మెట్టు లోపలికి దిగిపోయాయి. వాటిని పైకి జరపగానే కొండలు తెల్లబడ్డాయి.

కాని అవి వాడు కోరిన కొండలు కావు. రెండు మోడ్‌లు ఒకే పేరుగల ఫైలును ఒకే చోటికి తెస్తే, చివర చేరినదే నిలుస్తుంది. నాకు పాణిని గుర్తుకు వచ్చాడు. సమాన బలం గల రెండు సూత్రాలు ఒకేచోట తలపడితే తరువాతి సూత్రానిదే కార్యమన్నాడు గదా! వాడికి చెప్పాను.

"అయితే ముందుది మంచిదైనా ఓడిపోవాలా, తాతయ్యా?"

"పాణిని బలం సమానమైతేనే అన్నాడురా. నీ యంత్రం బలం చూడదు, వరుసే చూస్తుంది. కనుక వరుస నీవే ఆలోచించి పెట్టాలి."

ఆ సాయంత్రం వాడు మోడ్ ఆర్గనైజర్ అనే పనిముట్టు తెచ్చుకున్నాడు. అది ప్రతి మోడ్‌నూ విడిగా ఉంచి, ఆట నడిచేటప్పుడు మాత్రమే కలిపి చూపుతుంది. మూలం చెక్కుచెదరదు, వరుస నచ్చకపోతే జరుపుకోవచ్చు. మూలపాఠాన్ని చెరపకుండా వ్యాఖ్యను వేరుగా వ్రాసే మన పద్ధతే.

"వరుస ఎక్కడైనా వ్రాసిపెట్టు, నాకు అర్థమయ్యేలా" అన్నాను. నా పాత నోటుపుస్తకం తీసుకొని ముప్పావు గంట కూర్చున్నాడు. మొదట నేల, తరువాత కొండలు, ఆపైన నీరు, చివర ఆకాశం. అన్నీ తెలుగులోనే!

వాడు వెళ్లి వారమైంది. ఇవాళ ఆ పుట తెరిచాను. 'పర్వతాలు' అన్నది 'పరవతాలు' అని ఉంది. అలవాటుగా ఎర్రసిరా కలం తీశాను. నా అక్షరం చివర చేరితే వాడి అక్షరం చెరిగిపోతుంది. కలం మళ్లీ జేబులో పెట్టుకున్నాను.